నాలుక కింద మాత్ర

రాంచీలో ఒక లోహశాస్త్రవేత్త ఛాతీ పట్టుకుని కుప్పకూలాడు. అందరూ గుండెపోటన్నారు. అతను ఎన్నడూ కొనని మాత్ర తాలూకు మందు అతని రక్తంలో ఉందని ల్యాబ్ చెప్పింది.

"నెక్స్ట్ టార్గెట్ జంషెడ్‌పూర్‌లో," అన్నాడు నిఘా విభాగం చీఫ్ చిన్నారావు ఫోన్‌లో. "రిటైర్డ్ ఇంజనీర్ ఆదిబాబు. హార్ట్ పేషెంట్. ట్యాంకు కవచం ఫార్ములా తెలిసినవాళ్ళలో ఇక మిగిలింది ఆయనే. విదేశీ ముఠా మెసేజ్ పట్టుకున్నాం. 'విషం మనం పెట్టం. ఆయనవాళ్ళే పెడతారు.'"

ఆ మాట ఏజెంట్ సునీల్ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఆదిబాబుకు సన్మానం. సునీల్ సర్వర్ వేషంలో ట్రే పట్టుకుని తిరుగుతున్నాడు, ప్రతి ముఖాన్నీ అనుమానిస్తూ. ఒక్క తనుశ్రీని తప్ప. ఆమె మన డిపార్ట్‌మెంట్ మనిషే, నెమలికంఠం చీరలో మరీ అందంగా ఉంది. ఆదిబాబుకు షర్బత్ ఆమే స్వయంగా అందించింది.

కాసేపటికి లిఫ్టు ఆగిపోయింది. ఆదిబాబు పై అంతస్తులోని సభకు మెట్లెక్కి వెళ్ళి, వేదిక దగ్గర ఛాతీ నొక్కుకుంటూ కూలబడ్డాడు.

సునీల్ ఆయన తాగిన గ్లాసులో, మందును పసిగట్టే టెస్ట్ పెన్ ముంచాడు. ములికి నీలమైంది. రాంచీలో దొరికిన మందే.

"సార్బిట్రేట్ ఇవ్వండి, జల్దీ," అంది తనుశ్రీ.

అరడజను చేతులు జేబుల్లోకి వెళ్ళాయి. మన పెద్దవాళ్ళ జేబులో దువ్వెన లేకపోయినా ఆ గుండెనొప్పి మాత్రల స్ట్రిప్ ఉంటుంది. ఆదిబాబు భార్య జానకి అప్పటికే మాత్ర విప్పింది.

"నాలిక కింద ఎట్టుకోండి. ఏటీ అవదు."

ఆయనవాళ్ళే పెడతారు! సునీల్ ట్రే విసిరేసి ఆమె చేతి మీద కొట్టాడు. ఆదిబాబు పెదవికి తగిలి మాత్ర కింద పడింది. జానకి సునీల్ చెంప పగలగొట్టింది.

"అమ్మా, ఆగండి. మీ మాత్ర నైట్రిక్ ఆక్సైడ్ విడుస్తుంది. అది రక్తనాళాలను వదులవమని చెప్పే కబురు. షర్బత్‌లో కలిపిన మందు ఆ కబురును చెరగనివ్వదు. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది. గుండెకే రక్తం అందదు."

తనుశ్రీ మెల్లగా తలుపు వైపు జరిగింది. షర్బత్ ఇచ్చిందీ, మాత్ర ఇమ్మందీ ఆమే. సునీల్ కేకతో బయట కాపున్న చీఫ్ మనుషులు ఆమెను పట్టుకున్నారు. రెండు జీతాలు తీసుకునే మనిషికి రెండు సంకెళ్ళూ పడ్డాయి.

ఆస్పత్రిలో డాక్టరు షర్బత్ సంగతి విని వేరే మందులిచ్చాడు. నొప్పి తగ్గింది.

"నా సేత్తోనే సంపేసుకుందును బాబూ," అని జానకి ఏడ్చి, తను కొట్టిన సునీల్ చెంప నిమిరి, టీ తేవడానికి వెళ్ళింది.

ఆదిబాబు సునీల్‌ను దగ్గరకు పిలిచాడు. "ఏటి కలిపిందా పిల్ల?"

సునీల్ చెవిలో చెప్పాడు. మగవాళ్ళు మందుల షాపులో గొంతు తగ్గించి అడిగే మాత్ర.

జానకి వస్తోందేమోనని ఆదిబాబు తలుపు వైపు చూశాడు.

"ట్యాంకు ఫార్ములా బయటికి పోతే పోనీ బాబూ. ఈ సంగతి మాత్రం జానకికి తెలీకూడదు."