గింజ పడ్డ హాప్ పూలు

ఆగస్టు 27. బుధవారం. మధ్యాహ్నం 3:40.

ఆరబెట్టే జల్లెళ్ళు నాలుగూ ఖాళీ.

విల్మా డ్రేగర్ షెడ్డు గుమ్మంలోనే కూలబడిపోయింది. 2:10కి తాళం వెయ్యకుండా బజారుకెళ్ళింది. అంతే. గంటన్నరలో నాలుగు పౌండ్ల హాప్ పూలు మాయం. పెరట్లో తీగ మొదట్లో పార గుర్తు. నాటుకోవడానికి వేరు ముక్క కూడా కోసుకుపోయారు.

యాకిమా లోయలో హాప్స్‌కు కరువా? ఎటు చూసినా ఆ తోటలే. లోకంలో బీరు తాగే ప్రతివాడి గ్లాసులోకీ ఈ పూల చేదూ వాసనా ఇక్కడినుంచి పోవాల్సిందే అన్నంత గొప్ప. కానీ ఈ రకం ఈ ఒక్క పెరట్లోనే ఉంది. పద్నాలుగేళ్ళు నాటి, పీకి, మళ్ళీ నాటి విల్మా పుట్టించింది. ఇంకా పేరైనా పెట్టలేదు.

"పూలు ఆరుతున్నాయని ఎవరికి తెలుసు?" అడిగింది షెరీఫ్ ఆఫీసు డిటెక్టివ్ లూపే ఒర్దున్యో. వాళ్ళ నాన్న ఈ తోటల్లో కూలికి పూలు కోసి పిల్లల్ని పెంచాడు.

"ఇద్దరికి. శనివారం వచ్చి వాసన చూశారు. పక్క తోట డేల్ హచెన్స్. రెండోవాడు కర్ట్ హాల్వర్సన్."

"వాళ్ళకేం పని?"

"ఇంట్లో బీరు కాచుకునే క్లబ్బు మాది. వచ్చే నెల ఇరవైన పోటీ. ఎవరూ రుచి చూడని హాప్‌తో పేల్ ఏల్ అనే లేతరంగు బీరు కాచాలి. గెలిచిన హాప్‌ను డేల్ ఎకరం నాటుతాడు. దానికి గెలిచినవాళ్ళ పేరే. కర్ట్ గెలిచాడా, నా పద్నాలుగేళ్ళూ వాడివైపోతాయి."

"మీ రకానికి గుర్తేమిటి?"

"వాసన. ఆప్రికాట్ పండు, అప్పుడే కోసిన దేవదారు చెక్క."

"కోర్టుకు ముక్కుండదమ్మా. ఇంకేదైనా?"

విల్మా నోరు తెరిచింది. మూసేసింది. "లేదు."

అబద్ధం. లూపేకు ఒళ్ళు మండింది. సొత్తు పోయిన మనిషే నిజం మింగేస్తే పోలీసులేం చేస్తారు? జల్లెడ మూలన చిక్కుకున్న మూడు పూలు కవర్లో వేసుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 20. శనివారం. ఉదయం 11:20. డేల్ కొట్టంలో పోటీ.

మొదటి బహుమతి కర్ట్ హాల్వర్సన్‌కు. విల్మా అతని బీరు ఒక్క గుక్క తాగింది. మిగిలింది అతని మొహాన కొట్టింది.

"ఒరేయ్ దొంగ సచ్చినోడా! నా హాప్‌రా ఇది!"

కర్ట్ గడ్డం తుడుచుకున్నాడు. "రుజువు చెయ్యవే ముసలీ. అరుపులకు బహుమతి లేదిక్కడ."

విల్మా ఫోన్ చేసింది. 12:05కు లూపే కర్ట్ గరాజ్‌లో ఉంది.

"ఈ హాప్ ఎక్కడిది?"

"నా పెరటిదే. ఆరేళ్ళుగా పెంచుతున్నా."

"తీగ ఏదీ?"

"కోత కాగానే మొదలంటా నరికేశా. అందరూ చేసేదే. మీ నాన్న చెప్పలేదా మేడమ్, కూలికి వచ్చినప్పుడు?"

లూపే పళ్ళు కొరికింది. మాట మాత్రం మెత్తగానే వచ్చింది.

"పెరట్లో మగ తీగలేమైనా?"

"నా దగ్గరా!" కర్ట్ ఛాతీ పొంగింది. "లోయలో మగ తీగ కనబడితే పీకించేదే నేను. దాని పుప్పొడి గాలికెగిరితే ఆడ పూలలో గింజ పడుతుంది, పంటకు ధర పోతుంది. మా ఇంటికి అయిదు మైళ్ళలో ఒక్కటి లేదు. జూన్‌లో తిరిగి చూసి తనిఖీ కాగితంమీద సంతకం పెట్టా."

"ఆ మూత బిగించిన బకెట్?"

"బీరులో నానబెట్టి గురువారం తీసేసిన పూలు. ఇంట్లో కుక్క ఉంది కదా. హాప్స్ తింటే చస్తుంది. సోమవారం చెత్తబండి వచ్చేదాకా మూత తియ్యను."

"తీసుకెళ్ళొచ్చా?"

"చెత్తా? మహారాజుగా పట్టుకుపోండి!"

2:40. కొట్టంలో అందరూ ఉన్నారు. లూపే తెల్ల పళ్ళెంలో బకెట్ బోర్లించింది. తడి పువ్వొకటి వేళ్ళతో చీల్చింది. ఆవగింజంత గింజలు. ఆరు. రెండో పువ్వులో ఏడు.

తర్వాత తన కవర్లోంచి విల్మా జల్లెడ పువ్వు తీసి చీల్చింది. ఏడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. కర్ట్ మొహం పాలిపోయింది. తొందరలో తెచ్చి సంచీలో కుక్కినవాడు ఒక్క పువ్వయినా విప్పి చూడలేదు.

"గాలి!" అరిచాడు. "ఎక్కడో మగ తీగ ఉండుంటుంది. డేల్ పంటలోనూ మూడేళ్ళుగా గింజ పడటం లేదూ?"

"నాకు పదిపూలకొక గింజ" అన్నాడు డేల్. "పూవుకు ఏడంటే మగ తీగ పక్కనే ఉండాలి. అయిదు మైళ్ళలో లేదని సంతకం పెట్టింది నువ్వే కదరా!"

లూపే విల్మా వైపు తిరిగింది. "ఎవరి పక్కనుందో మీరు చెప్పాలి. మీరు నోరు విప్పకపోతే ఇతను గాలిమీద తోసేసి ఇంటికెళ్తాడు."

విల్మా తలెత్తింది. డేల్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నా పెరట్లో ఉంది. షెడ్డు వెనక. మగ తీగ లేకుండా కొత్త రకమెలా పుడుతుంది? దాచాను."

డేల్ కంఠనరాలు ఉబ్బాయి.

"మూడేళ్ళు! నా పంట తగలబెట్టింది నువ్వా? నా బల్ల దగ్గర కూర్చుని నా బీరు తాగుతూ!"

"నేనే."

"ఈ సాయంత్రంలోగా నరకాలి. ఇచ్చిన మాట ప్రకారం నీ హాప్ నాటుతా. నువ్వు మాత్రం ఇక నా గడప తొక్కొద్దు."

లూపే కర్ట్‌కు బేడీలు వేసింది. వాడికి నవ్వొచ్చింది.

"బాగా గెలిచావే విల్మా! ఆ తీగ పోతే నీ జన్మలో ఇంకో రకం పుట్టదు."

విల్మా బల్లమీది బహుమతి ఫారంలో కర్ట్ పేరు కొట్టేసి, తన పేరు రాసింది. కళ్ళు తుడుచుకుంది.

"డేల్, రంపం ఇవ్వు. మొదలు లావుగా ఉంటుంది."

డేల్ రంపం తెచ్చి బల్లమీద విసిరాడు. వెంట బయల్దేరబోయాడు.

"నువ్వు రావద్దు" అంది విల్మా. "దాన్ని నేనే కోస్తాను."