వెనక గదిలో ఆకుపచ్చ చొక్కా

ఆ స్టూడియో వెనక గదికి మంచి పేరు లేదు. అక్కడ కంప్యూటర్లో ఫోటో తెరిస్తే... లేని మనుషులు కనిపిస్తారట. ఇదివరకు ఎడిటింగ్ చేసినతను చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడట. నేనైతే నమ్మను. కానీ ఇది చెప్పింది మా వదిన. ఇప్పుడా గదిలో పనిచేసేది ఆవిడే, కోతలు కోసే మనిషి కాదు.

ఒకరోజు చీకటి పడ్డాక గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. చేతిలో ఒక ఫోటో. పోయిన భార్యది మిగిలింది అదొక్కటే. ముఖం చీకట్లో ఉంది.

"మొహం కాస్త కనబడేలా చెయ్యమ్మా. పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటా."

వదిన గామా పెంచింది. వెలుగంతా ఒకేసారి పెంచితే బొమ్మ పాలిపోతుందట. గామా అయితే తెలుపునీ నలుపునీ కదపకుండా మధ్యలో మసకగా దాక్కున్నదాన్ని పైకి తేలుస్తుంది. ఆమె ముఖం తేలింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వదిన ఇంకాస్త పెంచింది...

ఆమె వెనక — ఎవరో ఉన్నారు.

మగమనిషి. ఆకుపచ్చ చొక్కా. ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద.

వదిన చటుక్కున కుర్చీ వెనక్కి జరుపుకుంది. పెద్దాయన మాత్రం భయపడలేదు. అదే ఇంకా ఘోరం.

"ఎవడమ్మా వీడు?" అన్నాడు. "ఇంట్లో మేమిద్దరమే. ఫోటో తీసింది నేను. నాకు ఆకుపచ్చ చొక్కా లేనే లేదు..."

వాడు దెయ్యమైతే బాగుండునని ఆయన మొహం చెబుతోందట. ఇన్నేళ్ళ కాపురం మీద ఒక్క నిమిషంలో అనుమానం పడింది, పాపం.

"తీసెయ్. ఆ ఫోటోయే వద్దు."

వదిన చెయ్యి ఆగింది. చొక్కా జేబు — వాడి కుడి రొమ్ము మీదుంది. ఎవరు కుట్టించుకుంటారలా?

"బాబాయ్‌గారూ, ఆ గోడ ఏ రంగు?"

"తెలుపే."

ఫోటోలో మాత్రం పసుపుపచ్చగా ఉంది. బల్బు వెలుగు! రంగు సరిచెయ్యకుండానే గామా పెంచేసింది మా మహాతల్లి. గబగబా పసుపు తగ్గించింది. గోడ తెల్లబడింది. చొక్కా మెల్లగా... లేత నీలమైంది. మనిషి చుట్టూ సన్నటి అంచు తేలింది — బీరువా అద్దం. అందుకే జేబు కుడికి మారింది. ఆ నల్లటి ముద్ద, కళ్ళకి ఆనించుకున్న కెమెరా.

"ఇది నా చొక్కా," అన్నాడాయన. "ఇద్దరం కలిసున్న ఫోటో ఒక్కటీ లేదని పోయేదాకా నన్ను సాధించిందమ్మా."

"వెనకాయన్ని మళ్ళీ చీకటి చేసెయ్యనా?" అడిగింది వదిన.

"వద్దు," అన్నాడు. "ఉండనీ."