ఎనిమిది ఎత్తుల చూపు

"నాలుగింటికి ఆ టైపిస్టు సాక్ష్యానికి కోర్టు మెట్లు ఎక్కుతుంది. పై మెట్టు చేరేలోపు కాల్చేస్తారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ అసలు పేరు ఏ రికార్డులోనూ లేదు. అందరూ ఉడుత అంటారు. చీఫ్ స్వయానా అతని అక్క మొగుడు. ఉద్యోగం ఇప్పించిందీ, తుపాకీ పట్టడం నేర్పిందీ ఆ బావే.

"విదేశీ ముఠా పేర్లన్నీ ఆ పిల్ల నోట్లో ఉన్నాయి. షాట్ ఎదురు బిల్డింగులోంచి. ఎనిమిది అంతస్తులు, అంతస్తుకి ఎనిమిది కిటికీలు. చదరంగం బల్లే అనుకో. కింద హాల్లో చెస్ టోర్నమెంట్. ఒక బల్ల మీద ఆడే ఇద్దరూ ముఠా మనుషులే. చెత్త ఎత్తు పడిన గడే కోడ్. వరుస అంతస్తు, గడి కిటికీ. చెప్పింది గ్లవ్స్."

గ్లవ్స్ డబుల్ ఏజెంట్. తిండి ముఠాది, పని మనది. మోచేతుల దాకా నల్ల గ్లవ్స్, చూపు తిప్పుకోనివ్వని అందం.

"ఏది చెత్త ఎత్తో ఎవరు చెప్తారు బావా?"

"మన కంప్యూటర్. నువ్వు బుర్ర వాడకు. కాళ్లు వాడు."

మూడూ నలభై. పెట్టుడు మీసం, అరువు కోటుతో ఉడుత టోర్నమెంట్ రిఫరీకి సహాయకుడిగా హాల్లో తిరుగుతున్నాడు. గ్లవ్స్ తన ఏనుగుని గాలికొదిలేసి, ఒక బంటుని ఆరో వరుస ఐదో గడిలోకి నెట్టింది. ఎదుటి బట్టతల మనిషి మూడో వరుస రెండో గడిలో ఉన్న ఆ ఏనుగుని టక్కున తినేశాడు.

ఇయర్‌పీస్‌లో బావ గొంతు. "బంటు ఎత్తే చెత్త. ఆరో అంతస్తు, ఐదో కిటికీ. టీమంతా పైకే. నువ్వూ ఎక్కు."

ఉడుత నీళ్ల గ్లాసు పెడుతూ వంగాడు. "ఓడిపోయే ఎత్తు వేశావేం?"

"ఓడిపోతున్నానని ఎవరన్నారు?" పెదవి కదపకుండా అంది గ్లవ్స్. "ఎత్తులు వాళ్లు రాసిచ్చారు. కళ్లు మాత్రం నావే. బల్ల చూడు."

చూశాడు. బంటుకి అడ్డే లేదు. రెండడుగులేస్తే మంత్రి. బట్టతల నాలుగు చెక్‌లు చెప్పి ఆలస్యం చేయగలడు, ఆపలేడు. చెక్‌లు నాలుగు, జవాబులు నాలుగు. ఎనిమిది ఎత్తులు అక్కడే ఖర్చు. బంటు మంత్రయ్యేది ఆ తర్వాత. అంతకుముందే చూపు ఆగిపోయిన యంత్రానికి కనిపించేది పోయిన ఏనుగు ఒక్కటే. పెద్ద యంత్రాలకీ పెద్ద కుర్చీలకీ ఒకటే జబ్బు. నడిచొచ్చే బంటు వాటి కంటికి ఆనదు.

అంటే చెత్త ఎత్తు ఏనుగుని తిన్నదే, మూడో వరుస రెండో గడి. కానీ తమ కంప్యూటర్ మామూలుగా ఇరవై ఎత్తులు చూస్తుంది.

"బావా, కంప్యూటర్ ఎన్ని ఎత్తులు చూసింది?"

"ఎనిమిది. పొద్దున నేనే తగ్గించా. స్పీడ్ కావాలిగా."

"నేను పైకి రావట్లేదు. ఇంకో కిటికీ చూడాలి."

"ఇంకో కిటికీ లేదు. ఆ మూడో అంతస్తు జోలికి పోకు."

మూడో అంతస్తు మాట ఉడుత ఎత్తనేలేదు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మూడో అంతస్తు, రెండో కిటికీ ఉన్న గది. తలుపు తన్ని, పొగబాంబు దాచిన పెన్ను మూత తిప్పాడు. గదినిండా పొగ. కిటికీ దగ్గర గురిపెట్టినవాడి తుపాకీ గొట్టాన్ని పైకి తన్నేసరికి గుండు కిటికీ చట్రంలో దిగింది. కింద టైపిస్టు ఆఖరి మెట్టెక్కి లోపలికెళ్లింది. కోర్టు గడియారం నాలుగు కొట్టింది.

వీధిలో కంట్రోల్ వ్యాన్. బావ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకు బావా?"

"ఆ పిల్ల చెప్పే పేర్లలో నాదీ ఉందిరా." అన్నాడు బావ. "నిన్ను దూరంగా ఆరో అంతస్తుకి పంపింది బతుకుతావనే."

"నన్ను బతికించి, జీవితాంతం నాచేత దణ్ణం పెట్టించుకుందామని."

బావ చేతులు తనే ముందుకు చాపాడు. బేడీలు పడ్డాక అడిగాడు, "అక్కకి ఏం చెప్తావు?"

"నేనా? తుపాకీకి ఎదురెళ్లమంటే వెళ్తా. అక్క ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. ఫోన్ కలుపుతా, నువ్వే చెప్పుకో."