బూడిద సబ్బుకి ఖర్చేముంది?

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి! పొయ్యి మీద ఏముందో అది దించేసి వచ్చి కూర్చోండి. కొనాదు సంగతి సగం విని లేచిపోతే నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెప్తున్నా!

ఆ రోజు కొనాదు ఇంటికి ఆమె మొగుడి మేనమామ భోజనానికి వచ్చాడు. కుమాసి పట్నం పక్కన కోకో తోటల ఊళ్ళలో మేనమామంటే మాటలా! తోట ఎవరికి, ఇల్లు ఎవరికి, అన్నీ ఆయన నోట్లోంచి రావలసిందే. కొనాదు పొద్దుటి నుంచీ చేతులు పడిపోయేలా కర్రపెండలం దంచి ఫుఫు ముద్ద చేసింది. పొగచేప వేసి పల్లీల పులుసు కాచింది. పెద్దాయన ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్నాడు... అంతే! మొహం చిట్లించి గిన్నె పక్కకి నెట్టేశాడు.

"ఒరే అంపోన్సా! నీ పెళ్ళాం చేపతో పాటు సముద్రాన్ని కూడా కొనుక్కొచ్చిందేమిట్రా?"

అంపోన్సాకి తల కొట్టేసినట్టయింది. కొనాదు నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది. ఆ వరుసలో అత్తగారు బోతేమా ఒక్కతే గిన్నె ఖాళీ చేసి, వేళ్ళు కూడా నాకింది. ఎప్పుడూ అంతే! మొగుడు తిట్టినా, ఇరుగుపొరుగు నవ్వినా, అత్తగారు మాత్రం కోడలి వంటకి ఒక్కనాడూ వంక పెట్టలేదు. ఆ ఇంట్లో కొనాదుకి ఉన్న ఒకే ఒక్క ఓదార్పు అది... ఆ ఖాళీ గిన్నె!

పెద్దాయన వెళ్ళగానే అంపోన్సా విరుచుకుపడ్డాడు. "ఉప్పు చేత్తో వేస్తున్నావా, చేటతో వేస్తున్నావా? పదిమందిలో నా పరువు తీశావు గదే!"

కొనాదు ఇక దాచలేకపోయింది. ఇన్నేళ్ళ దుఃఖం ఒక్కసారిగా పొంగుకొచ్చింది! "నాకు ఉప్పు తెలియట్లేదయ్యా... పులుపూ కారమూ ఏదీ తెలియట్లేదు! మనం కాచి అమ్మే సబ్బుకి నేను పెట్టిన ఖర్చు అదే! కోకో కాయల డొప్పలు కాల్చి, ఆ బూడిద నీళ్ళు మరిగించి, ప్రతి కుండకీ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంటే సరిపోయిందని, మండిపోతే ఘాటెక్కువైందని... చూసీ చూసీ నా నాలుక చెక్కముక్క అయిపోయింది!"

అంపోన్సా పాపం, చెడ్డవాడేం కాదు. కానీ అప్పుడు అతనన్న మాట వినండి! "అయితే ఇకనుంచి అసబియా చూస్తుందిలే. చిన్నపిల్ల, పదును నాలుక."

అసబియా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. దారిలో పండిన అరటిపండు వేపుడు వాసన వస్తే చాలు, ఎంత పని ఉన్నా ఆగిపోయే పిల్ల. పులుసులో అల్లం ఒక ముక్క తగ్గినా పసిగట్టే పిల్ల!

"వద్దు!" అంది కొనాదు. తను సంతలో కొనుక్కొచ్చిన కాస్టిక్ సోడా పొట్లం తెచ్చి ముందు పెట్టింది. "దీనితో చేద్దాం. కప్పుతో కొలిచి పోస్తే చాలు, నాలుక పెట్టే పనే లేదు. ఒక్క పూటలో అయిపోతుంది."

అంపోన్సా ఫోన్ తీసి లెక్క వేశాడు. "ఇదిగో, సోడాకి డబ్బు పొయ్యాలి, సెడీలకి సెడీలు. నూనెకీ పొయ్యాలి. అదే బూడిద సబ్బుకి నూనె ఒక్కటే ఖర్చు. డొప్పలు మన తోటవి, కట్టెలు నువ్వే తెస్తావు, నీళ్ళు వాగువి. పైగా బాలింతలు పసిబిడ్డకి నీళ్ళు పోయడానికి బూడిద సబ్బే అడుగుతారు, రెట్టింపు ఇస్తారు. సోడా సబ్బు ఎవడిక్కావాలి?"

"మరి నేను? నా ఖర్చో?"

"నువ్వేమిటే పిచ్చిదానా! ఇంటి మనిషివి. ఇంటి మనిషికి ఖర్చేముంది?"

చూశారా! బూడిదకీ ఖర్చు లేదు, నీళ్ళకీ లేదు, ఆమెకీ లేదు! కొనాదు పరిగెత్తి వెళ్ళి అత్తగారి కాళ్ళు పట్టుకుంది. "మీరైనా చెప్పండత్తమ్మా! నా వంటకి ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు మీరు. అంత మంచి మనసు మీది... మీ మనవరాల్ని కాపాడండి!"

బోతేమా నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు. "మంచి మనసా! ఒసే కొనాదూ, వంక పెట్టాలంటే ముందు రుచి తెలియాలి గదే! నువ్వు ఉప్పు పోశావో ఇసక పోశావో నాకేం తెలుసు? నువ్వీ గుమ్మం తొక్కకముందే ఆ సబ్బు కుండల్లోనే చచ్చింది నా నాలుక. అది చచ్చింది కాబట్టే గదా, నిన్ను తెచ్చుకున్నాం!"

కొనాదు చేతులు అత్తగారి కాళ్ళ మీంచి వాటంతటవే జారిపోయాయి... ఓదార్పు అనుకుంది! ఇన్నేళ్ళూ ప్రేమ అనుకుంది!

మర్నాడు పొద్దున్నే పెరట్లో కుండ తెర్లుతోంది. పక్కవీధిలో ఒక పిల్ల ప్రసవించింది, బిడ్డకి పేరు పెట్టే రోజుకి సబ్బు కావాలని కబురు పెట్టారు. అసబియా వేలు శుభ్రంగా కడుక్కుని నవ్వుతూ వచ్చింది. "చిటికెన వేలైతే తక్కువ కాలుతుందట, నాయనమ్మ చెప్పింది. నువ్వు ఏడవకమ్మా! నేను చూస్తే నిన్నెవరూ తిట్టరుగా?"

ఆ మాటకి ఏ తల్లి తట్టుకుంటుంది చెప్పండి! "ముందు వాగు నుంచి నీళ్ళు పట్రా తల్లీ" అని పిల్లని పంపేసింది. నడుముకి చుట్టిన గుడ్డలో దాచుకున్న సోడా పొట్లం విప్పింది. బూడిద నీళ్ళలో అది కాస్త కలిపేస్తే చాలు, ఘాటు చూసే పని లేకుండా సబ్బు గట్టిపడుతుంది. ఉత్త సోడా సబ్బులా తెల్లబడదు, రంగు నల్లగానే ఉంటుంది, ఎవరికీ తెలియదు. కూతురి నాలుక మిగులుతుంది!

కానీ పొట్లం కుండ మీద వంచబోయి ఆగిపోయింది. ఈ బూడిద నీళ్ళకి ఎంత ఘాటుందో తెలియదు. వాటిలో సోడా ఏ మాత్రం ఎక్కువైనా, ఆ సబ్బు రేపు ఆ పక్కవీధి పసిబిడ్డ ఒంటి మీద పడుతుంది... పువ్వులాంటి ఆ చర్మం మీద! ఎక్కువైందో లేదో చెప్పాలంటే ఒక నాలుక కావాలి. కొనాదు ఆశ చావక వేలు ముంచి తన నాలుక మీదే పెట్టుకుంది. ఏమీ లేదు. చురుకూ లేదు, మంటా లేదు. మగవాడు ఆ కుండలో వేలు పెట్టడు; ఆ ఇంటి ఆడవాళ్ళలో ఇంకా బతికున్న నాలుక ఒక్కటే... అది బిందె నెత్తిన పెట్టుకుని, ఏదో కూనిరాగం తీసుకుంటూ దడి దాటి వచ్చేస్తోంది!

చెప్పండమ్మా... ఆ పొట్లం మీ చేతిలో ఉంటే, మీరేం చేస్తారు?