ధరణి చెప్పని పేరు

కాణిపాకంలో తొలి బస్సు దిగిన భక్తులు గుడి వైపు నడుస్తున్నారు. భారతమ్మ అప్పటికే అంగడి తెరిచి టెంకాయల పీచు వలుస్తోంది. పక్కనే కొడుకు జయచంద్ర కర్పూరం పొట్లాలు సర్దుతున్నాడు. ఘాట్ రోడ్డులో జీపు బోల్తా పడి ఎడమ కాలు విరిగినప్పటి నుంచి అతను ఎక్కువసేపు నిలబడలేడు.

ఎనిమిది గంటలకు పోస్ట్‌మ్యాన్ మునస్వామి సైకిల్ ఆపాడు.

"ఢిల్లీ నుంచి వచ్చిండాది పెద్దమ్మా. ఈడ వేలిముద్ర వెయ్యి."

భారతమ్మ కవరు కళ్లకద్దుకుని కొడుక్కిచ్చింది. "చదువు నాయనా, మన అర్జీకి జవాబేమో. ధరణి ఎప్పుడొస్తాదో రాసినారా?"

జయచంద్ర చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు.

"ఏందిరా, మూగోడి మాదిరి కూర్చున్నావు?"

"ధరణి అనే పేరుతో మనూరి నుంచి ఎవురూ కువైటుకు పోలేదంట మా."

భారతమ్మ చేతిలో టెంకాయ అలాగే ఉండిపోయింది. "పోలేదా? మద్రాసు దాకా నేనే పోయి ఇమానం ఎక్కించి వచ్చింటినే!"

ఆమె చెప్పింది నిజం. రెండున్నరేళ్ల కిందట, కోడలి చంకలోంచి ఏడాదిన్నర పసిపిల్లను అందుకుని విమానాశ్రయం బయట నిలబడింది ఆమే. కొడుకు మంచాన పడ్డాడు. ఇల్లు గడవాలంటే ఎవరో ఒకరు కదలాలి. ధరణి కదిలింది. కువైట్‌లో ఒక ముసలామెను చూసుకునే పని. తినిపించాలి, స్నానం చేయించాలి, పక్క మార్చాలి. ఒప్పందం రెండేళ్లు. రెండేళ్లూ నిండాయి. ముసలామె కన్నుమూసింది. యజమాని మాత్రం పాస్‌పోర్టు ఇవ్వలేదు. బంధువుల ఇళ్లకు తిప్పి తిప్పి పని చేయించాడు. నాలుగు నెలల కిందట ధరణి కట్టుబట్టలతో ఎంబసీకి పరుగెత్తింది. అప్పటి నుంచి అక్కడి ఆశ్రయంలో, తనలాంటి ఆడవాళ్ల మధ్య ఒక గదిలో ఉంది.

ఆ కబురు తెలిసిన రోజు నుంచి భారతమ్మ నిలకడగా కూర్చోలేదు. తొమ్మిది దాకా టెంకాయలు, ఆ తర్వాత చిత్తూరు బస్సు. కలెక్టరాఫీసులో ఏ గుమాస్తా ఏ బల్ల దగ్గర ఉంటాడో, ఎవరు భోజనానికి ఎప్పుడు లేస్తారో ఆమెకు తెలుసు. అక్షరం ముక్క రాని మనిషి, తన ఫైలును అట్టమీది నూనె మరకను బట్టి గుర్తుపట్టేది. "ఇదిగో సార్, ఈడుండాది" అని గుట్టలోంచి లాగి చూపించేది. గుమాస్తాలు మొదట విసుక్కున్నారు. తర్వాత నవ్వుకున్నారు. ఇప్పుడు ఆమె వస్తే కుర్చీ వేస్తున్నారు.

"అంగడి సూసుకో. చంద్రకాంతమ్మ దగ్గరికి పోయొస్తా" అని భారతమ్మ లేచింది.

* * *

చంద్రకాంతమ్మ పదకొండేళ్లు కువైట్‌లో ముసలివాళ్లకు సేవ చేసి వచ్చింది. తిరుపతిలో ఒక ఎస్టీడీ బూత్ వెనక గదిలో, గల్ఫ్‌కు పోయిన ఆడవాళ్ల కోసం సంఘం నడుపుతోంది. జీతం లేదు, జీపు లేదు. ఉన్నదల్లా ఒక గుడ్డ సంచీ, దాని నిండా అర్జీలు, ఎవరికీ జంకని గొంతు.

ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసింది. "పోయేటప్పుడు నీ కోడలి వయసెంత?"

"ఇరవై నాలుగు."

"అదీ సంగతి. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి ఆ దేశానికి పంపకూడదని రూలు. ఏజెంటు వేరే ఎవురిదో పేరుతో పాస్‌పోర్టు చేయించినాడు. ఫోటో ధరణిది, పేరు ఇంకొకరిది. ఆ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండాది. ఏ పేరుతో పోయిందో తెలిస్తేగానీ ఎంబసీ వాళ్లు తిరుగుదోవకు కాగితం ఇయ్యలేరు."

"ధరణినే అడిగితే పోలా?"

"అడగలేదనుకున్నావా? మొన్న ఫోన్లో గూడా అడిగినా. 'నా పేరు ధరణి, నాకొక కూతురుండాది' అంటాది. ఆ రెండో పేరు మాత్రం చెప్పదు. చెప్తే వాళ్ల బతుకు పోతాదంట!"

"ఎవురి బతుకు?"

"ఏకాంబరాన్ని అడుగుదాం పద."

ఏజెంటు ఏకాంబరం చిత్తూరులో మేడమీది గదిలో, విమానం బొమ్మ క్యాలెండర్ కింద కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్లిద్దరినీ చూసి సోడా తెప్పించాడు.

"ధరణా? నా పుస్తకంలో ఆ పేరే లేదక్కా."

"మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, కోడలి ఫోటో తీసుకోని పోతివి కదప్పా!"

"కాఫీ తాగినా. లేదనలేదే! నీ కాఫీ బాగుంటాది."

చంద్రకాంతమ్మ సోడా పక్కకు నెట్టింది. "వాళ్లు పనికి పోయినారప్పా, అమ్ముడుపోలేదు. పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉండాల. వారానికొక దినం సెలవుండాల. కన్నబిడ్డతో మాట్లాడే దానికి ఫోనియ్యాల. గడువు తీరితే ఇంటికి పంపాల. ఇవేవీ చెప్పకుండా పంపేసి, ఇప్పుడు పుస్తకం చూపిస్తావా?"

"నాకు లా చెప్పబాకమ్మా."

"సరే, లా వద్దులే" అంది భారతమ్మ. "శుక్రవారం పొద్దున కాణిపాకం రా. కోనేట్లో మునిగి, తడిగుడ్డల్తో వినాయకుడి ముందర నిలబడి ఇదే మాట చెప్పు. ధరణిని నేను పంపలేదని."

ఆ దేవుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని చుట్టుపక్కల ఊళ్ల నమ్మకం. దొంగతనాల తగాదాలు, గట్టు తగాదాలు అక్కడే తేలిపోతాయి. ఏకాంబరం మొహం మాడిపోతుందని భారతమ్మ అనుకుంది.

ఏకాంబరం నవ్వాడు. "తప్పకుండా వస్తానక్కా."

ఆ నవ్వు చంద్రకాంతమ్మకు నచ్చలేదు.

* * *

సాయంత్రం ఇంటికొచ్చి భారతమ్మ సంగతంతా కూతురు సుజనకు చెప్పింది. సుజన జయచంద్రకు మూడేళ్లు పెద్ద. పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేస్తే పుట్టింటికి చేరి, అంగన్‌వాడీలో ఉద్యోగం సంపాదించుకుంది. ధరణి వెళ్లిన రోజు నుంచి మేనకోడలు ఐశ్వర్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నది ఆమే.

"వాడు ప్రమాణానికి ఒప్పుకున్నాడా?" అంది సుజన. అంతే. బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

జయచంద్ర కుంటుకుంటూ వెనకే వెళ్లాడు. "అక్కా, ఇంక చెప్పేద్దాం."

"గమ్మునుండు. అమ్మకు వినపడతాది."

"వాడు ధైర్యంగా ప్రమాణం చేస్తాడు. వాడి పుస్తకంలో ఉండేది నీ పేరే కదా! అంతటితో అయిపోతాదని చూస్తా ఉండాడు."

"అయిపోనీ."

"అయిపోయేది ధరణి, అక్కా! నీ పేరు చెప్తే నీ ఉద్యోగం పోతాదని నాలుగు నెలలుగా ఆ గదిలో పడుండాది. నేనేమో నీకిచ్చిన మాట పట్టుకోని నోరు కుట్టేసుకున్నా. మొగుణ్నా నేను?"

సుజన వంగి బిందె తోమసాగింది. రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్ తీసిచ్చింది ఆమే. పాస్‌పోర్టు కాగితాలమీద సంతకం పెట్టిందీ ఆమే. ఆ రోజు తమ్ముడి ఇల్లు నిలబెడుతున్నాననే అనుకుంది.

లోపలినుంచి ఐశ్వర్య కేక వేసింది. "అమ్మా! నా పలక యాడ?"

"వస్తా ఉండా బంగారూ!" సుజన బిందె వదిలేసి పరుగెత్తింది.

జయచంద్ర ఆమె పరుగునే చూస్తూ నిలబడ్డాడు. పిల్ల అమ్మా అన్నది ఎవరిని? ఎప్పటి నుంచి?

* * *

శుక్రవారం ఉదయం జనం బాగానే పోగయ్యారు. కూతుళ్లనో కోడళ్లనో గల్ఫ్‌కు పంపినవాళ్లు అందులో చాలామంది ఉన్నారు. ఏకాంబరం మునిగి లేచి, కారుతున్న పంచెతో వచ్చి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"స్వామి సాక్షిగా చెప్తా ఉండా. ధరణి అనే మనిషిని నేను..."

"ఆగు మామా."

జనం తిరిగి చూశారు. సుజన నిలువునా తడిసి, జుట్టు మొహానికి అంటుకుని, వణుకుతూ వస్తోంది.

"ఆయన చెప్పబోయేది నిజమే మా. ఆయన పుస్తకంలో ధరణి లేదు. ఉండేది నేను." ఆమె స్వామి వైపు తిరిగింది. "చెంగయ్య కూతురు సుజన, వయసు ముప్పై ఒకటి, పెండ్లి కాలేదు. అట్ల రాయించినారు. పేరు నాది, ఫోటో నా మరదలిది. కాగితాలిచ్చింది నేను. సంతకం పెట్టింది నేను. స్వామి సాక్షిగా ఇదీ జరిగింది."

ఏకాంబరం మెల్లగా వెనక్కి జరిగాడు. చంద్రకాంతమ్మ అడ్డం నిలబడింది.

"యాడికప్పా? ఎట్లాగూ మునిగినావు. గుడ్డలు ఆరేలోపల ఇంకో నిజం చెప్పి పో. ఇట్ల పేర్లు మార్చి ఎంతమందిని పంపినావు?"

ఏకాంబరం చుట్టూ చూశాడు. దారి లేదు.

"పదకొండు మంది" అన్నాడు.

భారతమ్మ ఇవేవీ వినడం లేదు. కూతుర్నే చూస్తోంది. "నాలుగు నెలలు. దినామూ నాకు సద్ది కట్టిచ్చి, 'పోయిరా మా' అని పంపిస్తివే! నేను తిరుగుతా ఉండేది నీ పేరు కోసమని తెలిసీ పంపిస్తివి కదే!"

చెయ్యి పైకి లేచింది. సుజన తప్పుకోలేదు.

"కొట్టు మా. అందరూ నేను ఉద్యోగం కోసమే దాచినాననుకుంటారు. అది కాదు. పిల్ల ఒకరోజు జ్వరంలో నన్ను అమ్మా అన్నింది. కాదని చెప్పాల్సింది. నోరు రాలేదు. మర్నాడూ అన్నింది. ధరణి వస్తే ఆ పిలుపు పోతాది. అంతే మా. అంతకంటే ఏమీ లేదు."

భారతమ్మ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా దిగి సుజన చెయ్యి పట్టుకుంది. గుడి ఎదుటి అంగడికి తీసుకెళ్లి పొడి తువ్వాలు అందుకుంది. కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి తల తుడవసాగింది.

"ఆ పిలుపు నేనూ విన్నానే. ఒక్క దినమన్నా 'అత్త అనాల' అని నేను చెప్పినానా? నీ మొగంలో ఎలుగు సూసి గమ్మునుంటి. ధరణికి ఇద్దరమూ అన్యాయం చేసినాం."

తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. జయచంద్ర తల తిప్పుకున్నాడు. చంద్రకాంతమ్మ కళ్లు కూడా తడిశాయి కానీ ఆమెకు బస్సు టైము గుర్తుంది.

"చాలు లేవండి. దేవుడికి చెప్పినారు, మంచిదే. ఎమ్మార్వోకు దేవుడొచ్చి చెప్పడు, మనమే పోవాల. పదిన్నరకు బస్సు."

* * *

ఎమ్మార్వో ముందు సుజన వాంగ్మూలం ఇచ్చింది. ప్రతి కాగితంమీదా తన పేరు తానే రాసింది. అనుకున్నట్టే అంగన్‌వాడీ ఉద్యోగం పోయింది. చంద్రకాంతమ్మ సంఘం ఆడవాళ్లతో వెళ్లి ఆఫీసు మెట్లమీద కూర్చుంది. ఫలితం లేదు.

సుజన బాధపడుతూ ఇంట్లో కూర్చోలేదు. తిరుపతి గదిలో బల్ల దగ్గర చోటు చేసుకుని ఆ పదకొండు మందికీ అర్జీలు రాయడం మొదలుపెట్టింది. ఏ పేరుతో పోయారు, అసలు పేరేమిటి, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు, ఏదీ వదల్లేదు. ఆమె రాసిస్తే భారతమ్మ పట్టుకెళ్లేది. ఏ ఫైలు ఏ బల్ల దాటిందో వచ్చి చెప్పేది. ఆఫీసుల్లో ఈ తల్లీ కూతుళ్లు వస్తున్నారంటే అర్జీలు వాటంతట అవే పైకి రావడం మొదలైంది.

వాంగ్మూలం ఇచ్చిన యాభై మూడో రోజున మద్రాసు విమానాశ్రయం బయట ఆ కుటుంబమంతా నిలబడి ఉంది.

ధరణి చేతిసంచీతో బయటికొచ్చింది. బాగా చిక్కిపోయింది. జయచంద్ర ఆమె సంచీ అందుకుని గుండెకు అదుముకున్నాడు. ఐశ్వర్య మాత్రం సుజన చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంది.

"మీ అమ్మే! పో!" భారతమ్మ పిల్లను ముందుకు తొయ్యబోయింది.

"వద్దత్తా. బలవంతం చెయ్యబాకండి."

సుజన తల వంచుకుంది. "ధరణీ, నా వల్లనే నువ్వు..."

"తర్వాత మాట్లాడుకుందాం వదినా." ధరణి మామూలుగా నవ్వింది. జనం ట్రాలీలు తోసుకుంటూ పక్కనుంచి పోతుంటే, పిల్లకు నాలుగడుగుల దూరంలో నేలమీద కూర్చుంది. "నాకిది అలవాటే. ఆ ముసలామెకు మతిమరుపు. దినామూ పొద్దున లేస్తానే నన్ను సూసి బెదిరిపోయేది. నేను ఇట్లనే దూరంగా కూర్చోని పేరు చెప్పేదాన్ని. 'నేను సుజన' అని. రెండేండ్లు చెప్పినా."

సుజన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ధరణి పిల్ల కళ్లలోకి చూసింది.

"నా పేరు ధరణి. నీ పేరేంది?"

కుచ్చిళ్ల వెనక నుంచి చిన్న గొంతు వచ్చింది. "ఐశ్వర్య."

"నేను పోయేటప్పుడు నీ నోరు ఇంతే ఉండేది. ఇప్పుడు ఎంత ముద్ద పెట్టాల్నో నాకు తెలీదు."

పిల్ల తలెత్తి సుజనను చూసింది. సుజన కూడా నేలమీద కూర్చుంది, ధరణి పక్కనే. పిల్ల భుజంమీద చెయ్యి వేసి స్పష్టంగా చెప్పింది.

"అత్తను కదా నేను, నాకు తెలుసు. మీ అమ్మకు తెలీదంట. నువ్వే చూపించు."

ఐశ్వర్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చిన్న పిడికిలి బిగించి, ఇంత అన్నట్టుగా, తల్లి ముఖం దగ్గరికి తీసుకెళ్లింది.