గ్రేవీ కపాలం

ముందే ఒప్పేసుకుంటున్నా. ఆ మైనపు కుక్క మీద నా బొటనవేలి ముద్ర కూడా ఉంది. అందుకే ఈ కథ చెబుతుంటే భయం కంటే కోపమే ఎక్కువ వస్తుంది!

మిట్టమధ్యాహ్నం పన్నెండు… మోంటానాలో మా కాపర్ బెండ్ మీద కాటుకలాంటి మేఘం కమ్మింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము! పట్టపగలే గుడ్లగూబ కూసింది…

పోత షెడ్డు తలుపుని వెర్నా కాలితో తన్ని తెరిచింది. అక్కడ కంచు ముక్కల్ని అతికే వెల్డర్ ఆమే. లోపల శిల్పి ఓర్విల్ స్టాక్. అతని ముందు తల ఇంకా మూయని కంచు కుక్క, గ్రేవీ. పక్కన కుర్చీలో కళ్ళు తేలేసిన వెర్నా తల్లి, ఓపల్!

గ్రేవీ ఎవరి కుక్కా కాదు, ఊరందరిదీ. పొద్దున ఓపల్ హోటల్ వెనక గుమ్మంలో బేకన్, తర్వాత పిల్లలతో బడిదాకా నడక, సాయంత్రం మంగలి షాపు కుర్చీలో కునుకు. మార్చిలో అది చచ్చిపోతే ఊరు ఊరంతా ఏడ్చింది. "మైనపు బొమ్మ మీద అందరూ వేలు నొక్కండి, కంచులో మీ ముద్రలు నిలిచిపోతాయి" అన్నాడు స్టాక్. నాలుగు వందల మందిమి వరసకట్టి మరీ నొక్కాం. బుర్ర ఉంటేగా మాకు!

మొదట నొక్కింది ఓపల్. ఆ రోజు నుంచే ఆమె నోట మగగొంతు… స్టాక్ గొంతు!

"మా అమ్మని వదులు" అంది వెర్నా.

"అరవకు పిల్లా. ఈవిడతో మొదలంతే. ఇది లోపల పెట్టి తల అతికెయ్. ఊరంతా నా బానిసలవుతారు. కాదన్నావో, మీ అమ్మ ఊపిరి ఇక్కడే ఆగుతుంది."

నల్లగుడ్డ విప్పాడు… కపాలం! ఎడమవైపు విరిగిన కోర. గ్రేవీదే!

"పాతిపెట్టాం కదరా దాన్ని… తవ్వావా?"

"మీరు పాతింది రాళ్ళ పెట్టెని. చంపిందీ నేనే. మాంసం ముక్క చూపిస్తే తోకూపుకుంటూ వచ్చింది, వెర్రిది."

వెర్నా కళ్ళు నిప్పులయ్యాయి. కానీ ఓపల్ పెదవులు నీలమవుతున్నాయి… పళ్ళు కొరుకుతూ, ఏడుస్తూ, తిడుతూ వెల్డింగ్ మంట వెలిగించింది. తల మూసుకుంది.

"లే! నీ యజమాని ఆజ్ఞ!" స్టాక్ గర్జించాడు.

కంచు కనురెప్పలు తెరుచుకున్నాయి…

ఆ ఒంటి నిండా చెవులు నిమిరిన చేతులే, ముద్దలు పెట్టిన చేతులే. తన మంత్రం తనకే చుట్టుకుంటుందని స్టాక్ ఒక్కనాడూ చేతి తొడుగులు తియ్యకుండా పని చేశాడు. అంత ఊరిలో ఆ కంచు మీద లేనిది వాడి చెయ్యి ఒక్కటే! గ్రేవీకి వాడొక్కడే పరాయివాడు.

గుర్రుమంది… భూమి అదిరింది!

"ఆగు! కూర్చో! కూర్చోమన్నానా!"

"అది బతికుండగా ఎవరు కూర్చోమంటే కూర్చుందిరా, సన్నాసీ!" వెర్నా కేక పెట్టింది.

ఒకే ఒక్క గెంతు. ఎర్రగా మండుతున్న కొలిమిలోకి స్టాక్‌ని ఈడ్చుకెళ్ళింది. ఆర్తనాదం… నీలిమంట… గుప్పెడు బూడిద!

ఓపల్ ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. లేచి, ఆ బూడిద మీద తుపుక్కున ఉమ్మింది. "ఇన్నాళ్ళూ నా నోట్లో మాట్లాడాడా వీడు! థూ!" ఈసారి ఆమె గొంతే.

ఇప్పుడు గ్రేవీ పోస్టాఫీసు ముందు నిలబడి ఉంది. కోరల మీది మసిని ఎవరూ తుడవలేదు, తుడవం కూడా.

మీ వీధిలోనూ అందరిదీ అయిన కుక్క ఉండేదా? దాన్ని ఎవడైనా పొట్టన పెట్టుకున్నాడా? కింద రాయండి. వాడి పేరుతో సహా!