ఫీజు తగ్గిన ఉదయం

బందరు గిల్టు నగల వీధిలో ఆ ఉదయం కూడా దుకాణాల తలుపులను గాలికాపులే తీశాయి. గోడకు బిగించిన ఆ పరికరం తెల్లవారగానే లోపలి ఆమ్లాల ఆవిరిని, సైనైడు తొట్టెలను వాసన చూస్తుంది. చుట్టుపక్కల ఎందరు ఊపిరి తీస్తున్నారో గాలిని బట్టే లెక్కగడుతుంది. రెంటినీ కలిపి ఆ రోజుకు అనుమతి ఇచ్చి, ఫీజు నిర్ణయిస్తుంది. దాపున మనుషులు ఎక్కువైతే ఫీజు పెరుగుతుంది. అర్జీలు పట్టుకుని పురపాలక సంఘం చుట్టూ తిరగడం, చేతులు తడపడం ఆ వీధి ఎప్పుడో మరిచిపోయింది.

సుభాషిణి తన దుకాణంలో బంగారు పూత తొట్టె మూత తీస్తుండగా, మెరుగు పెట్టే ఖాసిం గాలికాపు వంక చూసి నవ్వాడు.

“అక్కా, ఫీజు తగ్గింది చూశావా?”

ఆమెకూ మొదట సంతోషమే వేసింది. తరువాత గాలికాపు తెర మీద కారణం చదివింది. గాలి నిన్నటిలాగే శుభ్రంగా ఉంది. తగ్గింది మనుషుల లెక్క. ఒకరు తక్కువ, అదీ పక్కింటి వైపు.

పక్కింట్లో ఉండేది ఒక్కరే, డ్రాయింగు మాస్టారు కోటిలింగం గారు. ఈ దుకాణాన్ని ఊరి బయటికి పంపేయాలని ఏడాదిగా ఫిర్యాదులు పెడుతున్న మనిషి. వచ్చే వారమే విచారణ. ఆయన లేకపోతే విచారణే ఉండదు.

“ఎక్కడికో వెళ్ళుంటార్లే అక్కా. మనకెందుకు?” అన్నాడు ఖాసిం.

సుభాషిణి మూత పెట్టేసి బయటికి నడిచింది. మాస్టారి చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. ఎంత పిలిచినా పలుకు లేదు. తలుపుకు లోపల గడియ.

“ఖాసిం, గునపం పట్రా.”

ఆయన పెరటి వైపు స్నానాలగదిలో పడి ఉన్నారు. మూసిన తలుపుల వెనక ఆ సన్నని ఊపిరి గాలికాపు దాకా చేరలేదు. ఖాసింతో కలిసి ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తున్నంతసేపూ సుభాషిణికి ఒకటే భయం. తన తొట్టెలోని విషమే గోడ దాటి వచ్చిందేమో. గాలి బాగుందన్న యంత్రమే ఈ మనిషి లేడని కూడా చెప్పింది కదా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బయటికి రాగానే సుభాషిణి అడిగిన మొదటి మాట అదే.

“విషవాయువు జాడే లేదండి. షుగరు బాగా పడిపోయింది. సమయానికి తెచ్చారు, గండం గడిచింది.”

సుభాషిణి బల్ల మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చింది.

సాయంత్రానికి మాస్టారు కళ్ళు తెరిచారు.

“నువ్వా అమ్మాయ్? నేను పోతే నీకు పీడ వదిలేదిగా.”

“ఫీజు తగ్గింది మాస్టారూ. భయమేసి వచ్చాను.”

ఆయన దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. “విచారణకి మాత్రం వస్తాను.”

“రండి. మీ కిటికీ వైపు పొగగొట్టం ఎత్తు పెంచుతున్నాను. అదీ చూద్దురుగాని.”

ఆయన ఇంటికి వచ్చిన రోజు ఫీజు మళ్ళీ పెరిగింది. దాన్ని చూసి ఖాసిం కూడా హమ్మయ్య అనుకున్నాడు.

అప్పటినుంచి ఏ నిబంధనలోనూ లేని అలవాటొకటి ఆ వీధికి వచ్చింది. ఏ దుకాణంలో ఫీజు తగ్గినా, యజమాని ముందు బయటికి వచ్చి ఇరుగుపొరుగును పేరుపేరునా పిలుస్తాడు. కనబడని మనిషి ఎక్కడున్నాడో తెలిశాకే తొట్టె మూత తీస్తాడు.